కదలకుండా నిలబడ్డవాడు

స్టూడియో కౌంటర్ వెనక కూర్చుని ఇది చదవబోతున్న మా ఇంటావిడకి,

ఇక్కడ నేనూ కెమెరా ఇద్దరం కులాసా. స్టాండుకి మాత్రం ఒక కాలు వదులైంది, గుడ్డపీలిక చుట్టి నెట్టుకొస్తున్నాను. అక్కడ నువ్వు, అత్తయ్య, మన అమ్మాయి బాగున్నారనే అనుకుంటున్నాను. పిల్ల దగ్గు తగ్గిందా? తగ్గకపోతే ఆ మందుల షాపాయన సొంత వైద్యం నమ్ముకోకు, డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లు.

ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పకుండా ఈయన ఇంత పొడుగు ఉత్తరం టైపు చేశాడేంటని అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు. పక్కనే అత్తయ్య ఉంటుంది. ఆవిడ వింటుంటే నా మాటలు సగం గొంతులోనే ఉండిపోతాయి. అందుకని ఇది నువ్వొక్కదానివే చదువు. అక్షరాల తప్పులుంటే సర్దుకో, నా బొటనవేలు ఒకదాని మీద పెడితే పక్కది పడుతుంది. ఇంకో మాట, చివరిదాకా చదివేవరకూ స్టూడియో గది ఓనర్‌కి అవుననీ కాదనీ చెప్పకు. ఖాళీ చేస్తే తాళాల దుకాణం వాళ్లకి ఇచ్చేస్తానని ఆయన తొందరపెడుతున్నాడని రాశావుగా, పెట్టనీ.

నీ ప్రశ్నలకి జవాబులు. తింటున్నాను. మోకాలు నొప్పి అలాగే ఉంది, పట్టీ వేసుకుంటున్నాను. గది బట్టలుతికే షాపు పైన. నేను పగలు పడుకోవాలి, వాళ్లు పగలే ఉతకాలి. కింద మెషిన్లు గిరగిరా తిరిగితే పైన మంచం కూడా తిరుగుతుంది. ఓనరమ్మ మొదటిరోజే పట్టుకుంది. "రాత్రంతా ఎక్కడికెళ్తారండీ?" అంది. ఫొటోలు తీయడానికన్నాను. "చీకట్లో ఫొటోలేంటండీ? చెప్పకూడని పనైతే చెప్పకండి, అబద్ధం మాత్రం ఆడకండి" అంది. అప్పట్నుంచీ నేను మెట్లు దిగుతుంటే పిల్లల్ని లోపలికి లాక్కుంటుంది.

బేరాలు ఏమంత లేవు. వంతెన మీద నిలబెట్టి ఫొటో తీసి అక్కడే చేతిలో పెట్టే పని ఇక చచ్చినట్టే. "మా ఫోన్లో ఇంకా బాగా వస్తుంది అంకుల్" అంటారు, వాళ్ల ఫోన్ నా చేతికిచ్చి నాతోనే తీయించుకుంటారు! ఊరికే. హోటళ్లవాళ్లు గోడలకి రాత్రిపూట ఊరి ఫొటోలు కావాలంటారు, కానీ మనుషులు వద్దంటారు. ఇక కాపలావాళ్లు సరేసరి. స్టాండు పెట్టగానే "తీయకూడదు" అని పరిగెత్తుకొస్తారు. ఎందుకు తీయకూడదయ్యా అంటే, "ఏమో, తీయకూడదన్నారు" అంటారు.

పంపిన ఫొటోల్లో ఒక్క మనిషీ లేడు, అంత పెద్ద ఊరు ఊరంతా ఎక్కడికి పోయిందో, చూస్తే భయమేసిందని రాశావు. ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా. రాత్రి వెలుతురు చాలదు కాబట్టి కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో నడిచేవాళ్లు నడుచుకుంటూ వెళ్లిపోతారు, వాళ్ల ఆనవాలు కూడా పడదు. ఆ వంతెన మీద జనం కిటకిటలాడుతున్నారు, నువ్వు చూసింది ఉత్త వంతెన. కదలకుండా ఆగినవాడే ఫొటోలో పడతాడు. పనిచేసుకునేవాడు ఎక్కడ ఆగుతాడు?

రోడ్డూడ్చే ఒకావిడ అడిగింది, "నేను పడ్డానా సార్?" అని. ఊడుస్తున్నావు కదమ్మా, పడవు అన్నాను. "రోజూ ఇక్కడే ఉండేదాన్ని నేను పడను. ఆ స్తంభం పడుతుందా?" అంది. పడుతుందన్నాను. "దానికేం, మహారాజులా నిలబడే ఉంటుంది" అని చీపురు దులుపుకుని వెళ్లిపోయింది. నవ్వాను. గదికొచ్చాక నవ్వెందుకొచ్చిందో నాకే అర్థం కాలేదు.

ఇంతసేపూ నీ అసలు ప్రశ్నకి జవాబు రాయలేదని నీకు తెలిసిపోయే ఉంటుంది. రాస్తున్నాను.

మీ తమ్ముడు కనపడ్డాడు.

వెతికి పట్టుకున్నది కాదు. ఇక్కడికొచ్చినప్పట్నుంచీ "టూరులో ఉన్నా బావా", "మీటింగులో ఉన్నా బావా" అని తప్పించుకుంటూనే ఉన్నాడు. ఈలోగా నాకో పెద్ద పని తగిలింది. ముప్పై అంతస్తుల కొత్త మేడ, అందులో ఇళ్లు అమ్ముతారు. రోడ్డు పక్క పెట్టే పెద్ద బోర్డుకి రాత్రి ఫొటో కావాలి, ప్రతి కిటికీలో దీపం వెలుగుతుండాలి. ప్రకటనలు చూసుకునే మేడమ్ ముందు నన్ను లోపల ఒక ఇల్లు తీయమంది. కొనడానికి వచ్చినవాళ్లకి చూపించడానికి ముస్తాబు చేసిన ఇల్లు.

తలుపు తీయగానే నాకు ఆ ఇల్లు తెలుసనిపించింది. నీలం సోఫా. గోడ మీద గుర్రం బొమ్మ. బల్ల మీద గాజు గిన్నె, దాన్నిండా యాపిల్ పండ్లు. మీ తమ్ముడు పంపిన ప్రతి ఫొటోలో ఆ గిన్నె ఉంటుంది. "నా కొడుకింట్లో పండ్లకి లోటు లేదు" అని అత్తయ్య వచ్చినవాళ్లకల్లా చూపించే గిన్నె అదే. ఒక పండు చేతిలోకి తీసుకున్నాను. ప్లాస్టిక్. వెనకవైపు చిన్న చిన్న పంటిగాట్లు, ఎవరి పిల్లాడో కొరికి మోసపోయినట్టున్నాడు.

అప్పటికీ సర్దిచెప్పుకున్నాను, కంపెనీ వాళ్లు అన్ని ఇళ్లలోనూ ఒకటే సామాను పెడతారేమోలే అని. మనకి కావలసింది నమ్మడానికి బుర్ర ఎంత దూరమైనా నడుస్తుంది.

చీకటి పడుతుండగా రోడ్డవతల స్టాండు పెట్టాను. మేడమ్ నా చేతికి వైర్‌లెస్ ఇచ్చింది. "పైన లైట్లవాడున్నాడు. ఏ కిటికీ కావాలో చెప్పండి, వేస్తాడు" అంది. కుడివైపు పై వరసలు చీకటిగా ఉన్నాయి బాబూ అన్నాను. అటునుంచి ఆయాసపడుతూ, "వచ్చేశా వచ్చేశా వచ్చేశా" అని వినపడింది.

అలా మూడుసార్లు అనేవాడు ఈ భూమ్మీద ఒక్కడే. అన్నానికి పిలిచినా, బడికి పిలిచినా అలాగే అనేవాడు కదా.

"చిన్నోడా?" అన్నాను.

అటు పరుగు ఆగింది. తర్వాత చిన్నగా, "బావా... మేడమ్ పక్కనే ఉందా?"

"ఉంది."

"అయితే సార్ అనే అంటా. ఏ అంతస్తు సార్?"

కరెంటు ఖర్చని లిఫ్టులు ఆపేశారట. మెట్ల మీద పరిగెడుతూ ఒక్కో గదిలో దీపం వేసుకుంటూ పోయాడు. నేను కింద నిలబడి "ఇంకా పైకి, ఇంకా ఎడమకి" అంటూనే ఉన్నాను. మేడ మొత్తం వెలిగింది. ఒట్టేసి చెప్తున్నా, అంత అందమైన ఫొటో నేనెప్పుడూ తీయలేదు. కెమెరా తెరవబోతుంటే మళ్లీ గొంతు వినపడింది. "సార్, పైనుంచి రెండో వరస, ఎడమ చివర కిటికీ చూడు. నేను కదలట్లేదు."

స్కూలు ఫొటోకి కూర్చోబెడితే గంతులేసేవాడు, గుర్తుందా? "కదిలితే పోతావురా" అని గదమాయించేవాణ్ణి. ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. అంతసేపూ బొమ్మలా నిలబడ్డాడు.

పని అయ్యాక కిందికొచ్చాడు. చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రోడ్డు పక్క టీ తాగాం.

"ఎప్పట్నుంచి రా ఈ పని?"

"మొదట్నుంచీ ఇదే బావా."

"మేనేజర్నన్నావు?"

"ముప్పై అంతస్తులు నేనే చూసుకుంటున్నానని చెప్పా. మేనేజరని అక్కే అనుకుంది."

"కాదని చెప్పడానికి నోరు లేదా?"

"అమ్మ అంత సంబరపడుతుంటే ఎలా కాదంటా? నువ్వైతే అంటావా?"

నేను టీ చూసుకున్నాను. వాడే చెప్పుకుపోయాడు. "రోజూ సాయంత్రం దీపాలు వెయ్యాలి, రాత్రి ఆర్పాలి. పన్నెండో అంతస్తులో పెద్దాయన తొందరగా పడుకుంటాడు, అది ముందు ఆర్పేస్తా. పద్దెనిమిదిలో పిల్లకి పరీక్షలు, అది ఆలస్యంగా. ఆ పక్కింట్లో మొగుడూ పెళ్లాలకి పడదు, రెండు గదుల్లోనూ వెయ్యాలి."

"ఎవర్రా వాళ్లంతా?"

"ఎవరూ లేరు బావా. ఒక్క ఇల్లూ అమ్ముడుపోలేదు. రోజూ అవే కిటికీలు వెలిగితే రోడ్డు మీదవాళ్లు కనిపెట్టేయరూ? అందుకని మనుషుల్ని నేనే పెట్టుకున్నా."

వాడు పడుకునేది అడుగున, నీళ్ల మోటారు పక్కన. చూసొచ్చాను. మోటారు ఆన్ అయినప్పుడల్లా మంచం కోళ్లు టకటకమంటాయి. ఫొటోలకి వేసుకునే ఆ తెల్లచొక్కా ఒక్కటీ మేకుకి తగిలించి, మీద కవరు తొడిగి ఉంది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అది.

"మరి మాకు ఈ మేడ కింద షాపు ఇప్పిస్తానన్నావు? మీ అక్క స్టూడియో ఖాళీ చెయ్యడానికి సిద్ధంగా ఉందిరా" అన్నాను.

"జనం వస్తే షాపులు తెరుస్తారు బావా."

"జనం ఎప్పుడొస్తారు?"

"దీపాలు చూసి వస్తారు."

"ఆ దీపాలు వేసేది నువ్వేగా!"

చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మీరొస్తే ఒక్క కిటికీ అయినా నేను వెయ్యక్కర్లేదు కదా" అన్నాడు. వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకుని, "అక్కకి చెప్పకు, అమ్మకి అసలు చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను. ఇప్పుడు చెప్తున్నాను. వాడికిచ్చిన మాటకంటే మన నలుగురికీ కూడు పెడుతున్న గది ముఖ్యం. ఓనర్‌కి ఖాళీ చెయ్యట్లేదని చెప్పెయ్. ఫొటోలకి వెనక కట్టే ఆ పాత సిటీ బొమ్మ పరదా పారెయ్యనా అని అడిగావుగా, పారెయ్యకు. చిరుగులు పడ్డా అదే నయం. బొమ్మ అని అందరికీ తెలుసు, అందులో ఇల్లు కొనమని ఎవడూ అనడు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. లేచి మొహం కడుక్కుని మళ్లీ కూర్చున్నాను.

ఫొటో పెద్దది చేసి చూపించినప్పుడు మేడమ్ స్క్రీన్ మీద వేలు పెట్టింది. "ఇదేంటి, ఈ మచ్చ?"

"మచ్చ కాదండీ, మనిషి. మీ లైట్లవాడు."

"ఒంటరిగా నిలబడ్డాడండీ. చూస్తే దిగులుగా ఉంది. తీసెయ్యండి. ఒక ఫ్యామిలీని పెట్టగలరా?"

కాదనొచ్చు. ఇంకో మేడ పని కూడా నాకే ఇస్తానంది, కాదనలేదు. తీసేశాను. ఒకసారి రుద్దితే పోయాడు, అంత తేలిక. ఆ ఖాళీలో పెట్టడానికి నా దగ్గర వేరే ఎవరున్నారు? పిల్ల పుట్టినరోజుకి స్టూడియోలో తీసిన మన ముగ్గురి ఫొటో తీసి, నల్లగా నీడలా చేసి అతికించాను. నువ్వు, నేను, మధ్యలో పిల్ల. ఊరి మధ్య, మనం జన్మలో ఎక్కని మేడలో, రోడ్డంత బోర్డు మీద మనం కాపురం చేస్తున్నాం. మీ తమ్ముడు పోయిన చోట.

నిన్న బోర్డు పెట్టారు. వాడు ఫోన్ చేశాడు.

"బావా, చూశా. నేను పడలేదేంటి?"

"కదిలావురా" అన్నాను.

"లేదు బావా. ఊపిరి కూడా బిగబట్టా."

"కదిలావు. కదిలితే పోతావని చిన్నప్పుడే చెప్పానుగా."

"మెట్లెక్కొచ్చా కదా, కాళ్లు వణికాయేమో... అవును, కదిలే ఉంటా. మళ్లీ తీస్తే ఈసారి సరిగ్గా నిలబడతా బావా" అన్నాడు. పైగా నాకే సారీ చెప్పాడు. తర్వాత, ఆ కిటికీలో ఎవరో పెట్టిన కుటుంబం బాగుందన్నాడు. వాళ్లెవరో వాడు గుర్తుపట్టలేదు.

మేడమ్‌కి చూపించకముందు తీసిన అసలు ఫొటో దీనితో పంపుతున్నాను. పైనుంచి రెండో వరస, ఎడమ చివర. ప్రింట్ తీసి లోపల గదిలో పెట్టు. వాడు ఇంకో పండ్ల ఫొటో పంపిస్తే ఈసారి పండ్లు బాగున్నాయనకు, తిన్నావా అని అడుగు. ఇంటికి రమ్మను, లామినేషన్ మెషిన్ దగ్గర మనిషి కావాలని చెప్పు. అబద్ధం కాదు, కావాలి. అత్తయ్యకి ఎంత చెప్పాలో నీ ఇష్టం.

ఇదంతా వదిలేసినా ఒక్కమాట మాత్రం తప్పకుండా వాడికి చెప్పు. నాకు నోరు రావట్లేదు, నువ్వు అక్కవి, నువ్వంటే నమ్ముతాడు. వాడు కదల్లేదని చెప్పు.

ఇట్లు,
వాడి బావ,
నీ ఆయన