సన్‌రూఫ్ లేని బండి

ఏవండీ,

మీరు బుక్ చేసి వెళ్లిన కారు బదులు నేను వేరేది తీసుకున్నాను. బుకింగ్ రద్దు చేయమని అందరూ చెప్పారు. నేను మాత్రం తెనాలి షోరూముకి వెళ్లి, నేనే నడుపుతాను, గేర్లు లేనిది కావాలన్నాను. అక్కడి అమ్మాయి మొహమాటపడింది.

"ఆటోమేటిక్ కింది వేరియంట్‌లోనే వస్తుందండీ ఆంటీ. దానికి సన్‌రూఫ్ రాదు. సన్‌రూఫ్ ఉన్నది గేర్ల బండే. సార్ ఏరికోరి అదే బుక్ చేశారు కదా?"

"సార్ లేరమ్మా," అన్నాను.

ఆ పిల్ల మీ పేరు తీసేసి నా పేరు ఎక్కించింది. సంతకం పెడుతుంటే మీ చేతిలోది లాక్కుంటున్నట్టే అనిపించింది. ఆకాశం చూసుకుంటూ గేర్లు మారుస్తూ పోవాలని ఎంత ముచ్చటపడ్డారో నాకు తెలియదా?

మా తమ్ముడు రేపల్లె నుంచి వచ్చి డ్రైవింగ్ నేర్పాడు. ఇవాళ మీ పుట్టినరోజు. ఇంట్లో ఉండలేక మొదటిసారి ఒంటరిగా బయల్దేరి, బాపట్లలో అక్క దగ్గరికి వెళ్లాను. పొన్నూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. అద్దాలు దించి, కాస్త వేగం పెంచాను. నాకు తెలియకుండానే కూనిరాగం తీశాను.

గుమ్మంలో అక్క నన్ను పట్టుకుని ఏడ్చేదాకా, దారిలో మీరు ఒక్కసారి కూడా గుర్తు రాలేదండీ.