పెట్టె తీసుకున్న పిన్ని

జూన్ 4. ఉదయం 11

ఈ రోజు ఒక అబద్ధం రాసి కింద సంతకం పెట్టాను. అదీ మిలటరీ కాగితం మీద! పాతికేళ్లుగా వాళ్ల ఖర్చుల మీద దుమ్మెత్తిపోస్తున్న నేను!

పార్సెల్ వ్యాన్ ఒక రేకుపెట్టె తెచ్చింది. నాలుగు నెలల క్రితం సరిహద్దులో చనిపోయిన సైనికుడి సొంత సామానట. నాకెందుకయ్యా అంటే, డ్రైవరు తనకేం తెలుసన్నాడు. మీరు ఆయనకు ఏమవుతారో రాయండి మేడమ్, వరస రాయందే ఇవ్వకూడదు అన్నాడు. ఏమీ కానన్నాను. అయితే వెనక్కి పోతుంది, గోడౌన్‌లో పడుంటుంది, ఇక దాని మొహం చూసే దిక్కుండదు అన్నాడు.

ఒళ్లు మండింది. ప్రాణం తీసుకున్నది చాలక చొక్కాలు కూడా ఎలుకలకేనా? పెన్ను లాక్కుని వరస గడిలో "పిన్ని" అని రాశాను.

అదే రోజు. మధ్యాహ్నం 2

లోపల మిలటరీ ఆఫీసు గుమాస్తా ఉత్తరం ఉంది. ఇంటికి పంపితే అక్కడ బిల్డింగే లేదట, కూల్చేశారట. పెట్టెలో దొరికిన ఇంకో అడ్రసు నాదొక్కటే. ఎలా?

నా పుస్తకం! యుద్ధాలకు వ్యతిరేకంగా నేను రాసిన నలభై పేజీల పుస్తకం. వెనక అట్ట మీద నా అడ్రసు. కింద పెన్సిలుతో గీత గీసి, "సెలవులో ఇక్కడికి వెళ్లాలి" అని రాసుంది. గుమాస్తా పాపం చుట్టాలిల్లు అనుకున్నాడు.

చుట్టరికానికి కాదు, దెబ్బలాటకు వద్దామనుకున్నాడు! ప్రతి పేజీ అంచునా పెన్సిలే. "ఆధారం ఏది?" "ఇది కోపం, వాదన కాదు." "మళ్లీ మొదలుపెట్టారు!" ముందుమాట రాసిన పెద్దమనిషి కూడా ఇంత శ్రద్ధగా చదవలేదు. అసలు చదవనే లేదు.

అన్నం తినడం మర్చిపోయాను.

జూన్ 5

పదిహేడో పేజీ. "సైనికుడు ఆలోచించడు, ఆజ్ఞ కోసం ఎదురుచూస్తాడు" అని నేను. అంచున అతను: "మీరు ఎప్పుడైనా ఒక సైనికుడి ఇంటికి వెళ్లారా?"

లేదు.

ఉత్తరం ప్రకారం ఇరవై ఆరేళ్లవాడు, నన్ను నిలదీస్తాడా? వెళ్తాను. ఎవరో ఈ పెట్టె కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటారు. నా చేతులతోనే ఇచ్చి వస్తాను.

జూన్ 6

ఉత్తరంలో ఉన్న పాత అడ్రసుకు వెళ్లాను. గొయ్యి, గోతిలో నీళ్లు. అద్దెకున్నవాళ్లు ఎటు పోయారో ఎవరికీ తెలియదు. ఆఫీసుకు ఫోన్ చేశాను. బంధువులకు తప్ప వివరాలివ్వం అన్నారు. నేను పిన్నినే కదా అన్నాను. పిన్నికి ఇల్లెక్కడో తెలియదా అన్నారు.

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే!

జూన్ 9

దొరికింది! దొరికింది!

పెట్టెలో యూనిఫామ్ కాని చొక్కాలు రెండున్నాయి. లేబుల్ లేదు. కాజాలన్నీ చేత్తో కుట్టినవి, ఎంత దగ్గరగానంటే సూది మొన కూడా దూరదు. ఆ చొక్కా పట్టుకుని ఆ గొయ్యి చుట్టుపక్కల టైలర్లందరి దగ్గరకూ తిరిగాను. పదకొండో షాపులో ముసలి టైలరు కళ్లజోడు పైకి తోసి, కాజా మీద బొటనవేలు రాసి, ఇది మా దగ్గర పని నేర్చిన అమ్మాయి చెయ్యి అన్నాడు. మెషిన్ మీద కుట్టవే అంటే వినేది కాదట, మొండిఘటం. తమ్ముడు మిలటరీలో పోయాడని విన్నాడట. రైల్వే గేటు అవతల సొంత షాపు పెట్టుకుందట.

నడిరోడ్డు మీద గంతేశాను. యాభై రెండేళ్ల మనిషిని!

రాత్రి 8

ముప్పై ఒకటో పేజీ. నా వాక్యం: "శవపేటిక మీద జెండా కప్పిన చేతులు మర్నాడు ఆ ఇంటి తలుపు తట్టవు." అంచున: "ఇది మాత్రం నిజం."

ఒక సైనికుడే ఒప్పుకున్నాడు! రెండో ముద్రణలో ఈ పేజీని ఉన్నదున్నట్టు వేస్తే? నా పుస్తకం అచ్చేసే ప్రెస్సాయనకు ఫోన్ చేస్తే ఎగిరి గంతేశాడు. అట్ట మీదే వేద్దాం అన్నాడు.

జూన్ 10

అది నేను రాసిన పుస్తకమే కదా.

జూన్ 11

షాపులో మెషిన్ ముందు కూర్చుని ఉంది అతని అక్క. పెట్టె చూడగానే కాలు ఆగింది. ఎవరమ్మా నువ్వు అంది. చెప్పాను. నువ్వేనా ఆ పిన్నివి అని లేచింది.

నాలుగు నెలలు ఆఫీసులో ఈ కిటికీకీ ఆ కిటికీకీ తిరిగితే, మొన్న, పెట్టె మీ పిన్ని తీసేసుకుంది అన్నారట. అడ్రసివ్వమంటే, పిన్ని అడ్రసు తెలియదా అన్నారట. మా అమ్మకు తోడబుట్టినవాళ్లే లేరు, ఏ ఆకాశంలోంచి ఊడిపడ్డావు, చచ్చినవాడి గడియారం మీద కూడా కన్నేస్తారా అని కడిగేసింది. పడ్డాను. న్యాయమే.

తర్వాత డ్రాయరులోంచి ఆఫీసు లిస్టు తీసింది. గడియారం. కళ్లజోడు. చొక్కాలు రెండు. రేజరు. పెన్సిలు. ఒక్కోటి తీసి బల్ల మీద పెడుతోంది. చివర ఆగింది. పుస్తకం, చిన్నది, ఒకటి. ఏది అంది.

ప్రపంచంలో ఎవరితోనైనా వాదించగలను. చేతిసంచి తెరిచి, దాచుకున్న ఆ పుస్తకం ఇచ్చాను.

నేను అచ్చేసినదాని జోలికే పోలేదు. పెన్సిలు రాతలే చదివింది, వేలు పెట్టి, ఒక్కొక్కటి. మధ్యలో నవ్వింది. వీడింతే, స్కూల్లో టీచరు దిద్దిన నోటుబుక్కును ఇంటికొచ్చి మళ్లీ దిద్దేవాడు అంది. నవ్వుతూనే ఆ చొక్కా మొహానికి అదుముకుంది.

బయటికొచ్చి ప్రెస్సాయనకు ఫోన్ చేశాను. పేజీ లేదు, నాది కాదు అన్నాను. తిట్టాడు. పదిహేడో పేజీలో నా వాక్యం తీసేయమన్నాను. ఇంకా తిట్టాడు.

జూన్ 15

అక్క రమ్మంది. పదిహేడో పేజీ తెరిచి నా ముందు పెట్టింది. వాడు అడిగాడు కదా, జవాబు రాయి అంటూ పెన్సిలిచ్చింది, వాడిదే.

"వెళ్లాను" అని రాశాను.

కింద వరస కూడా రాయమంది.