బుచ్చి సంతకం

కైలాసం,

నేను ఘనపూర్ బస్సుకు పోతున్న. సుశీల చిన్నమ్మను దవాఖానల వేసిన్రట. అన్నం, పచ్చిపులుసు మూతపెట్టి ఉంచిన, తిను.

మాపటికి రాంచందర్ సారు ఇన్‌కంటాక్స్ లెక్క రాసేందుకు వస్తడు. కేసముద్రం మార్కెట్ల నీ లారీకి వచ్చిన కిరాయిల నుంచి డీజిలు, టైర్లు, రిపేర్లు తీసేస్తే మిగిలినదానికే పన్నట. ఆ రసీదులు బియ్యం డబ్బా మీద పెట్టిన.

క్లీనర్ జీతం గూడ తీసేయొచ్చు, గని క్లీనర్ సంతకం కావాలె అన్నడు గద సారు. "మీ తమ్మునిదేనాయె, నువ్వే గీకు, ఎవలడుగుతరు" అని సారు నీతోని అన్నది నేను తలుపు చాటునుంచి విన్న.

గీకకు కొడుకా. బుచ్చికి నువ్వు నెలనెలా జీతమిచ్చిన మాట నిజమే, తెచ్చి నా చేతులనే పెట్టేటోడు. అయినా వాడు బస్తాల మీంచి పడి పానం ఇడిసినంక, వాని సంతకం ఇంకొకరి చేతితోని పెడితే నేను చూడలేను. ఎవలన్న పట్టుకుంటే నిన్ను జైల్ల వేస్తరు. ఇంక నాకున్నది నువ్వొక్కనివి. పన్ను ఎక్కువైతే కానియ్యి, కట్టు.

మీ అవ్వ

కొత్త క్లీనర్‌ను పెట్టుకుంటే, లారీ నడుస్తున్నప్పుడు బస్తాల మీద పండనియ్యకు. వానికి గూడ ఇంటికాడ ఒక అవ్వ ఉంటది.