గళ్ల చొక్కా

తమ్ముడూ,

నీ క్షేమం అడగబుద్ధి కావడం లేదు. ఎదురుపడితే చెయ్యి చేసుకుంటానని రాసి పంపిస్తున్నాను.

మొన్న బందరు మార్కెట్లో నాకు చేపలు దింపుతూ ఏం చెప్పావు? "నీళ్లలో చచ్చిన గేదె తేలతా కనపడిందక్కా, దాటుకుని వచ్చేశాం" అన్నావు. నేను నమ్మాను. ఇవాళ నీ బోటులో పనిచేసే కనకరత్నం నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. అది గేదె కాదట. పోయిన వారం గాలివానకు బోటు బోల్తాపడి కనిపించకుండా పోయిన మన ఊరి చిన్నబాబట. తాడు కట్టి తెద్దామంటే, "అవతల పార్టీవోడు, వదిలెయ్యండ్రా" అన్నావట.

పంచాయతీ ఎన్నికల్లో మైకు పట్టుకుని వాళ్లు మనుషులు కాదు, గొడ్లన్నావు. జనం ఈలలేస్తే రోజూ అన్నావు. అని అని చివరికి నీకు అలాగే కనబడ్డాడా? గేదె గళ్ల చొక్కా తొడుక్కుంటుందట్రా?

అప్పుడెప్పుడో ఊరూ పేరూ తెలియని శవం దొరికితే బోటుకు కట్టి తెచ్చి, "ఏ తల్లి బిడ్డో" అని కొత్త బట్ట కప్పింది నువ్వే కదా. ఆ తెలియనివాడు నీకు మనిషి. చిన్నప్పటి నుంచి నీతో వల లాగినవాడు గొడ్డు!

ఈ ఉత్తరం అందగానే వాడి పెళ్లాం వీరదుర్గ దగ్గరికి వెళ్లు. ఎక్కడ చూశావో, ఎందుకు వదిలేశావో నీ నోటితో చెప్పు. నేను చెప్పను. నీ మాట ఒకటి ఇప్పటికే చెప్పాను.

నిన్న ఆవిడ నా గంప దగ్గరకొచ్చి, "మీ తమ్ముడు అటే వేటకెళ్లాడు గదా వదినా, ఏవన్నా కనపడిందన్నాడా?" అని అడిగింది. చచ్చిన గేదె కనపడిందట అన్నాను.

"అయ్యో, ఎవరిదో పాపం" అంది.

మీ అక్క