మూడో గుహ రాక్షసుడు

అన్నా,

ఈరోజు నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక బావ నీ గుహల ఆట తీశాడు. ఓడ ఉద్యోగం నుంచి సెలవుకి వచ్చినప్పుడు నువ్వు తెచ్చి, తిరుత్తణిలో మన మేడ మీద ఆడించిన ఆట. వీరులం మేము, రాక్షసుల తరఫున పాచికలు వేసేది నువ్వు.

మూడో గుహ రాక్షసుణ్ణి మేమెప్పుడైనా చంపామా? "గెలవలేమని తెలిస్తే పరిగెత్తండబ్బా. నిలబడి సచ్చేది యాడి మగతనం?" అని నవ్వేవాడివి. మా కోసం ఒక్క పాచికా మార్చలేదు.

ఈరోజు నీ బదులు రాక్షసుల పాచికలు బావ వేశాడు. మూడో గుహవాడు రెండు దెబ్బలకే కూలాడు. అక్క పిల్లలు చప్పట్లు కొట్టారు. బావ తన పాచికలను అరచేత్తో కప్పేయడం నేను చూశాను.

"చెయ్యి తియ్యి బావా."

"పోనీలే పాపా. ఈ పొద్దు ఎవురూ ఓడిపోకూడదని వాని బలం రవంత తగ్గించినాను."

రవంతా! రాక్షసుణ్ణి గొర్రెను చేసి మా చేతికి కత్తి ఇచ్చాడు. పాయసం గ్లాసు అక్కడే వదిలేసి, పాచికలు తీసుకుని మేడెక్కాను. నీ లెక్క ప్రకారం, నీ రాక్షసుడితో ఒక్కదాన్నే ఆడాను.

మొదటి దెబ్బకే చచ్చాను.

కిందికొచ్చి పాయసం తాగాను.