రాయి మీద తమ్ముని పేరు

బెంగుళూరు, 1970

అవ్వకు, నీ పెద్దబిడ్డ యాదమ్మ శనార్థులు. నేను మంచిగనే ఉన్న, రంధి పెట్టుకోకు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? కొడకండ్లల వానలు పడ్డయా? ఇక్కడ నాలుగు దినాల సంది ఒకటే ముసురు. సిస్టర్ల మఠంల వంటపని బరువేం కాదు గని, కూరల కారం ఉండదు, మాట్లాడతందుకు మనిషి ఉండదు. ఎవరన్న ఇటు వస్తే జర పండుమిర్చి తొక్కు పంపు.

నువ్వు రాయించిన ఉత్తరం చదివినప్పటి సంది నా మనసు మనసుల లేదు. తెలంగాణ కోసం పానమిచ్చినోళ్ల పేర్లు రాయి మీద చెక్కిస్తున్నరంటివి. మన మల్లేశం ఊరేగింపుకే పోయిండని నేను రాసిస్తే వాని పేరు గూడ ఎక్కిస్తమన్నరంటివి. ఏం రాయాల్నో సమజైతలేదు.

ఇక్కడ రోజూ బువ్వకు ముందు ఒక పుస్తకం చదువుతరు. ఆ తారీఖున దేవుని కోసం సచ్చినోళ్ల పేర్లు అండ్ల ఉంటయి. గుంటూరు దిక్కు ముసలి సిస్టర్ నాకు తెలుగుల చెప్తది. మొదట్ల అండ్ల కథలే లేవట. పేరు, సచ్చిన తారీఖు, బొందపెట్టిన చోటు, అంతే. ఆ దినం అందరు సమాధి కాడ కూడాలెనని రాసుకున్నరట. కథలు తర్వాత జనం కలిపిన్రట. ఇప్పుడు రోము నుంచి కొత్త క్యాలెండర్ వచ్చింది, రుజువు లేదని కొందరి పేర్లు తీసేసిన్రు. సిస్టర్ ఎవరి పేరు పెట్టుకున్నదో ఆ పునీతురాలి పేరు గూడ పోయింది. అయినా మొన్న ఆమె తారీఖు నాడు సిస్టర్ కొవ్వొత్తి ముట్టించింది. ఎందుకమ్మా అని అడిగిన.

“కథ నిజమో కాదో నాకు తెలియదే యాదమ్మా. ఇన్నేళ్లు ఈ రోజున ఆమెనే తలుచుకున్నాను, ఇప్పుడెలా మానను?” అన్నది.

నాకు ఇంకింత పరేషాన్ అయింది. రుజువు లేదని పేరు తీసేసుడు నాయమా, కథ కలిపి పేరు నిలుపుడు నాయమా? పొయ్యి కాడ గదే ఆలోచన. నిన్న పప్పు మాడగొట్టి మాటపడ్డ.

అవ్వా, వాడు ఊరేగింపుకు పోలే. నాకు జరమొస్తే మందు తెమ్మని జనగామకు నేనే పంపిన. గడబిడల ఇరుక్కున్నడు, పోలీసోళ్ల తూట తగిలింది. ఇన్ని దినాలు నీకు చెప్పలే. నీ ముఖం చూడలేకనే ఇంత దూరం వచ్చిన.

నేను కథ రాసియ్యలేను. ఈ కాయితం చదివి వినిపించే పెద్దబాపుకు నా శనార్థులు చెప్పు. దీన్ని రాయి చెక్కించేటోళ్లకు చూపిస్తవో, పొయ్యిల పెడతవో నీ ఇష్టం. వాని తారీఖు నాడు మాత్రం బొంద కాడికి పొయ్యి దీపం పెట్టు, అక్క పంపిందని వానికి చెప్పు.

మనసొస్తే నన్ను దీవించు.

నీ బిడ్డ
యాదమ్మ