గట్టు మీద బండి తాళంచెవి

మంగళవారం, రాత్రి

పొద్దున ఇన్సూరెన్స్ ఏజెంటు ఫోన్ చేశాడు. "పోయినేడు బండి పోయిందని క్లెయిమ్ తీసుకున్నారు కదండి, డిస్కౌంటు పోయింది. ఈసారి ప్రీమియం పెరుగుద్దండి" అన్నాడు. సరేనన్నాను. కోపం కూడా రాలేదు.

మా రొయ్యల చెరువుల దగ్గర అందరం తాళంచెవి బండికే వదిలేస్తాం. ఎవరికి అవసరమైతే వాళ్ళు వేసుకెళ్తారు. ఇవాళ నాది తీసి జేబులో వేసుకున్నాను. చెరువు చూసుకునే సత్తిబాబు రొయ్యలకి మందు తేవడానికని బండి దగ్గరికొచ్చాడు. తాళంచెవి లేకపోవడం చూశాడు. "నడిచి వెళ్ళొస్తాలెండి" అని గట్టు దిగాడు. ఎండలో అంత దూరం... చెయ్యి జేబులోనే ఉంది, వెనక్కి పిలవలేదు.

పాత బండి పోయింది భీమవరంలో, హ్యాండిల్ లాక్ వేసి పెట్టిన చోట. గట్టు మీద ఏ బండీ ఏనాడూ పోలేదు.